ఎడమ చెవి బరువు

రోహిణి కార్తె, సోమవారం

ఈ పుస్తకంలో ఏ పని చేసినవాళ్ళు ఆ పని గురించి తమ చేత్తోనే రాయాలట. లాజరు బాబాయి పెట్టిన నియమం అది. నీళ్ళ నడుమ ఉన్న మా దిబ్బ మీద ఎవరి విమానం రన్‌వే ఎక్కాలన్నా ముందు ఆయన ఈ పుస్తకం చదవాలి, తర్వాత బండిని తట్టి చూడాలి. విమానాన్ని ఇక్కడ అందరూ బండి అనే అంటారు.

ఇంతవరకు అంతా మా ఆయన రాశారు. నురగ దిమ్మెలు కోసింది, వాటి మీద జనపనార గుడ్డ పరిచింది, జిగురు పట్టించింది ఆయనే. ఇక్కడి నుంచి లప్పం పని నాది కాబట్టి రాయడం కూడా నాదే. నా పేరు నూకరత్నం. అయిదో తరగతి వరకు చదివాను. ఆయన పేరు కూడా రాయాలట. అబ్బులు. తప్పులుంటే బాబాయి మన్నించాలి.

రెక్కల మీద గుడ్డ నేత ఇంకా తెలుస్తోంది. చేత్తో రాస్తే గోనెసంచిలా ఉంది. ఆ గుంటలన్నీ పూడ్చి నున్నగా చెయ్యకపోతే గాలి బండిని వెనక్కి లాగుతుందట. ఆయన ఎక్కడి నుంచో పాత కారు లప్పం డబ్బా తెచ్చారు. గంటలో ఆరిపోతుందని ఆయన సంబరం. బాబాయి మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టేశారు.

“కారు నేల మీద పోద్దిరా. పెచ్చూడితే పెచ్చే పోద్ది. నీకు పైన పెచ్చూడిందనుకో, దిగి ఏరుకుంటావా?”

“ఎక్కడా దొరకని సరుకు బాబాయ్.”

“దొరకనిదైతే దాచుకో. మన జిగురు మీద అది పట్టదు. బరువు కూడాను. తేలుబూడిద వాడండి. అమ్మాయీ, తేలుబూడిదంటే తెల్సా?”

నేను తలూపాను. నాకు పెద్దల ముందు మాట పెగలదు. రాయడమే నయం.

పాత కరెంటు ఫ్యాక్టరీ పక్కన బూడిద చెరువు ఉంది. ఒకప్పుడు బొగ్గు కాల్చిన బూడిదంతా అందులోనే పోసేవారట. అందులో కొంత బూడిద బాగా కాలి సన్నటి బుడగలైపోయి, లోపల డొల్లగా, నీళ్ళ మీద తెట్టులా తేలుతుంది. మిగిలింది మునుగుతుంది. రెండూ చూడటానికి ఒకటే రంగు. తేలేది రెక్కకు పనికొస్తుంది. మునిగేది దేనికీ పనికిరాదు.

రోహిణి, గురువారం

నలుగురం ఆడవాళ్ళం గట్టు దారిన చెరువుకు నడిచి వెళ్ళి తెట్టు తీసుకొచ్చాం. దారి పొడుగునా కింద గుర్రపుడెక్కే. నా చిన్నప్పుడు నీళ్ళు అక్కడక్కడా మెరిసేవి. ఇప్పుడు మెరవడం లేదు. డెక్కలో పడవ చక్రం తిరగదు, గెడ దిగదు. అందుకే ఈ బండ్ల గోల.

ఇంటికొచ్చాక బూడిదను మళ్ళీ ఒకసారి బిందె నీళ్ళలో పోసి, తేలినదే తీసి, ఎండబెట్టి, పెనం మీద వేయించాను. తడి ఉంటే లప్పంలో బుడగలు లేస్తాయి. అత్తయ్య గుమ్మంలో కూర్చుని చూస్తున్నారు.

“ఏటే, బూడిదకి పోపెడతన్నావా?”

“తడి పోవాలండి.”

“కానీ. మొగుడికి ఉప్మా చేసిపెట్టమంటే రవ్వ మాడ్చేత్తావు గానీ, బూడిద మట్టుకు దోరగా ఏపుతున్నావు.”

గిన్నెలో జిగురు పోసి, గట్టిపరిచే మందు కలిపి, బూడిద వేసి తిప్పాను. తిప్పుతుండగానే గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కి పొగ వచ్చింది. లప్పం రాయిలా బిగిసిపోయింది. గరిటె అందులోనే ఉండిపోయింది. రోహిణి ఎండలో గిన్నెలో కలపకూడదని, పళ్ళెంలో పల్చగా పరిచి కొంచెం కొంచెమే కలపాలని బాబాయి తర్వాత చెప్పారు. ఆ గరిటె అత్తయ్య కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నదట. ఆ సంగతి మా ఆయన చెప్పారు.

రోహిణి, శనివారం

ఇప్పుడు కుదిరింది. వడియాల పిండిలా ఉండాలి. ఎత్తితే జారకూడదు. ముందు గుడ్డ మీద ఉత్త జిగురు పల్చగా రాస్తే దాని మీద లప్పం పట్టు దొరకబుచ్చుకుంటుంది. రాయకపోతే ఊరికే పైన కూర్చుంటుంది.

కుడి రెక్క పైభాగం అయింది.

రోహిణి, సోమవారం

రుద్దాను. చెయ్యంత పొడుగు చెక్కకు ఉప్పుకాగితం అంటించి, రెక్క మీద ఏటవాలుగా రుద్దాలి. వేళ్ళతో రుద్దితే గుంట ఇంకా గుంటవుతుంది. నార కనబడిందంటే చెయ్యి అక్కడే ఆపెయ్యాలి. నార తెగితే రెక్క బలం పోయినట్టే. పూసినదంతా రుద్ది తీసెయ్యడమే లప్పం పని అని నాకు ముందు తెలియదు. పూసిన దాంట్లో గుంటల్లో ఇరుక్కున్నదే మిగలాలట. మిగతాదంతా నా ముక్కుకు కట్టుకున్న తడిగుడ్డ మీదికే వస్తోంది.

సాయంత్రం అత్తయ్య బండి ఉన్న పాకలోకి వచ్చారు. అన్నీ తిరిగి చూశారు.

“ఈ చిన్న పలకేటి?”

“చెవి అంటారండి.”

రెక్క వెనక అంచున, చివర్న ఉంటుంది అది. కీళ్ళ మీద పైకీ కిందికీ ఆడుతుంది. బండి ఎటు ఒరగాలో దాంతోనే తిప్పుతారు. గేదె చెవిలా ఆడుతుందని దిబ్బ మీద మొదటి నుంచీ దానికి ఆ పేరే.

“అంటే ఇంటాదా?”

ఆయన నవ్వారు. “ఇంటాదమ్మా. నేనేం చెప్తే అదే చేత్తాది. మనింట్లో చెవులకన్నా నయం.”

అత్తయ్య నవ్వలేదు. ఎడమ చెవిని అరచేత్తో ఒకసారి నిమిరి వెళ్ళిపోయారు.

రోహిణి, బుధవారం

రుద్దాను.

రోహిణి, శుక్రవారం

ఎడమ చెవికి రెండో పూత కలిపి పళ్ళెంలో పరిచానో లేదో, రన్‌వే దగ్గర బండి దిగుతోందని కేక వినిపించింది. ఖాళీ సంచి పట్టుకుని పరుగెత్తాను. సొంత బండి లేని ఇళ్ళవాళ్ళం అక్కడ వరసగా నిలబడతాం. ఎవరి బండిలోనైనా బరువు మిగిలితే మా బియ్యం కూడా వేసుకొస్తారు. మిగలకపోతే లేదు. ఈ రోజు మిగలలేదు. వరసలో నా వెనకావిడ, “బియ్యం కాదే, మనం మోసుకొచ్చేది సంచినే,” అంది. అందరం నవ్వి ఇళ్ళకొచ్చాం.

లప్పం బిగిసిపోయి ఉంటుందనుకున్నాను. వచ్చి చూస్తే పళ్ళెం ఖాళీ. అత్తయ్య చెవికి పూసేశారు. అరుగు అలికినట్టు, ఎక్కడా గరిటె గీత లేకుండా పూశారు.

“గట్టిపడిపోద్దని పూసేశాలే,” అన్నారు.

నాకు చాలా సంతోషం వేసింది. పెళ్ళయ్యాక నా పనిలో ఆవిడ చెయ్యి వెయ్యడం ఇదే మొదటిసారి. పని చేసినవాళ్ళే రాయాలి గానీ అత్తయ్యకు రాయడం రాదు. ఆవిడ తరపున నేను రాస్తున్నాను. ఎడమ చెవి, రెండో పూత, అత్తయ్య.

మృగశిర కార్తె, ఆదివారం

తొలకరి పడింది. గాలిలో తడి వల్ల పూత మీద జిడ్డు తేలింది. నీళ్ళతో కడిగి తుడిచాక గాని రుద్దకూడదు. ఆరుద్ర కార్తె వస్తే రన్‌వే బురదైపోతుంది. అప్పుడు స్వాతి దాకా ఏ కొత్త బండికీ బాబాయి సరే అనరు. అందుకని ఆయన తొందరపడుతున్నారు. ఆయన తొందర మాటల్లో ఉంటుంది. నా తొందర భుజాల్లో ఉంటోంది.

ఎడమ చెవి రుద్దడం మొదలుపెట్టాను. ఉప్పుకాగితం జారిపోతోంది. తేలుబూడిద లప్పం సుద్దలా అరగాలి. మొదటి పూత అలాగే అరిగింది. పై పూత గరగరమంటోంది, అరగడం లేదు. తెల్లటి పలుకులు కనిపిస్తున్నాయి. కాగితం రెండుసార్లు మార్చాను.

మృగశిర, మంగళవారం

చెవులు రెండూ విప్పి తూచాం. తూచడం అంటే తక్కెడలో వెయ్యడం కాదు. రెండు కత్తుల్ని అంచు పైకి పెట్టి, చెవి కీలు పుల్లల్ని వాటి మీద ఆనించి వదిలెయ్యాలి. చెవి ముందు అంచులో సీసం కడ్డీ ఉంటుంది. ఆ సీసానికీ వెనక పలకకూ సరిపోతే చెవి సమంగా నిలబడుతుంది, లేదా ముందుకు కాస్త వాలుతుంది. వెనక్కి మాత్రం వాలకూడదు. బాబాయి మొదట్లోనే చెప్పారు. “చెవికి లప్పం ఎంత పల్చగా ఎడితే అంత మంచిది. వెనకాల బరువెక్కిందా, జోరు మీద ఒణుకు పుడతాది. పుట్టిందంటే రెప్పేసేలోగా రెక్కూడి పోద్ది.”

కుడి చెవి కత్తుల మీద బుద్ధిగా నిలబడింది. ఎడమది వదలగానే వెనక్కి వాలిపోయింది.

“ఎంత మందాన ఎట్టావే?” అన్నారు ఆయన.

మందాన పెట్టలేదు. రెండింటికీ ఒకేలా పెట్టాను. మునిగే బూడిద కలిసిందేమోనని తేలుబూడిద డబ్బాలో మిగిలింది తెచ్చి నీళ్ళలో పోశాను. అంతా తేలింది.

అప్పుడు అత్తయ్య పూసిన పూత గుర్తొచ్చింది.

ఆవిడ మేకలకు డెక్క కోస్తున్నారు.

“అత్తయ్యా, ఆ రోజు చెవికి నేను కలిపిందే పూశారా?”

“నువ్వు కలిపిందే.”

“ఇంకేమీ కలపలేదు కదండీ?”

“ఇంకేటి కలుపుతాను? మీ మావని కలిపాను.”

కత్తి ఆగలేదు. డెక్క కాడలు టకటకమని తెగుతున్నాయి.

“రెండు గుప్పిళ్ళే. డబ్బాలో ఇంకా ఉన్నారు. చెవన్నావు కదే నువ్వే. చెవిలో ఉంటే సెప్తారు. ఒరేయ్ అటు పోకు, అటు మబ్బుంది అని. బతికున్నన్నాళ్ళూ ఆయన మాట ఈడెప్పుడిన్నాడు? ఇప్పుడు ఇనక తప్పదు.”

మృగశిర, బుధవారం

నిన్న రాయలేక ఆపేశాను. మిగిలింది ఈ రోజు రాస్తున్నాను.

మా దిబ్బ మీద పోయినవాళ్ళ బూడిదను కలపడానికి నీళ్ళు లేవు. మావయ్య గారి తమ్ముడు పోయినప్పుడు బండిలో వెళ్ళి పైనుంచి డెక్క మీద చల్లారు. ఆ బూడిద మళ్ళీ వాన పడేవరకు ఆకుల మీదే ఉంది. కొంగలు తొక్కుకుంటూ తిరిగాయి. అత్తయ్య అది చూశారు. అందుకే మావయ్య గారిని దేవుడి పటం పక్కన డబ్బాలో ఉంచారు.

ఎముక బూడిద బుడగ కాదు. మునుగుతుంది. అందుకే ఆ పూత అరగలేదు.

మావయ్య గారితో నేను మాట్లాడింది చాలా తక్కువ. ఆయన అరుగు మీద ఉంటే నేను తలుపు చాటు నుంచి మజ్జిగ గ్లాసు పెట్టేదాన్ని. “ఏం రత్తం, నీకు నోరుందా లేదా?” అనేవారు. అలాంటి మనిషిని ఉప్పుకాగితం పెట్టి రుద్దాను. కాగితం రెండుసార్లు మార్చాను. ముక్కుగుడ్డ ఉతికేశాను కూడా. ఆ నీళ్ళు బెండమొక్కలకు పోశాను.

మృగశిర, గురువారం

మా ఆయనకు చెప్పాను. ఆయన చెవిని చేతిలోకి తీసుకున్నారు.

“నాన్నే కదే. ఉండనీ. ముందు అంచులో ఇంకాస్త సీసం ఎడదాం.”

పెట్టడానికి చూశారు. ముందు అంచులో చోటు లేదు. సందంతా కడ్డీతోనే నిండి ఉంది. ఉన్న చోటు చెక్కితే కీలు బలం పోతుంది.

“మరి తీసెయ్యాలి కదండీ,” అన్నాను.

“అమ్మకి నువ్వు చెప్పు.”

“నేనాండీ?”

“నావల్ల కాదు. ఆ పూట మా నాన్నని బండిలోంచి…” అని ఆగిపోయారు. వెంటనే వేరే గొంతుతో అన్నారు. “ఓ పని చేద్దాం. పరీక్షకి మట్టుకు ముందు అంచుకి అడుగున మైనంతో సీసం ముక్క అంటిద్దాం. బాబాయి చూసెళ్ళాక తీసేద్దాం.”

“తీసేశాక ఎగరడం ఎలాగండి?”

“ఎగురుతాదే. చిన్న వాలే కదా. నేను జోరుగా తోలన్లే.”

ఆయన అలా అనేటప్పుడు నా వైపు చూడలేదు. తల్లికి ఒక్క మాట చెప్పడం కన్నా రెక్క ఊడటమే ఆయనకు తేలిగ్గా ఉంది.

ఇది పుస్తకంలో రాయొద్దన్నారు. చేసిన పనే రాయాలని నియమం. చెయ్యబోయే పని రాయకూడదని ఎక్కడా లేదు. రాశాను.

మృగశిర, శుక్రవారం

అత్తయ్యకు చెప్పాను. అనుకున్న మాటలు ఏవీ రాలేదు. “ఎడమ చెవి బరువైంది అత్తయ్యా, ఆ పూత తీసెయ్యాలండి,” అని మాత్రం అన్నాను.

ఆవిడ నన్ను చూసిన చూపు నేను రాయలేను.

“బతికుండగా బరువన్నారు. చచ్చాక కూడా బరువేనా?”

పోయిన ఏడాది ఆరుద్రలో మావయ్య గారికి కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రి ఉన్నది దూరపు దిబ్బ మీద. ఒకరి బండిలో చోటుందన్నారు. మంచం మీదే మోసుకెళ్ళి ఎక్కించాం. తడి రన్‌వే మీద బండి రెండుసార్లు పరుగెత్తింది, తోక లేవలేదు. మావయ్య గారు భారీ మనిషి. దింపేసి, వెనక నిలబడ్డ ఇంకొకరిని, పలచటి ఆవిడని, ఎక్కించుకుని వెళ్ళారు. ఆవిడ బతికింది. మర్నాడు మబ్బు దిగింది. ఆ మబ్బు తీసేలోగా మావయ్య గారు పోయారు. తప్పు ఎవరిదీ కాదు. ఆ కర్మలు అయిన మర్నాడే మా ఆయన నురగ దిమ్మెలు కొయ్యడం మొదలుపెట్టారు.

అత్తయ్య ముందు ఇంకేమీ మాట్లాడకుండా వచ్చేద్దామనుకున్నాను. కాళ్ళు కదిలాయి కూడా. కానీ మైనం సంగతి గుర్తొచ్చింది.

“మావయ్య గారు బరువని కాదండి. ఆ చోట బరువు ఉండకూడదండి. చెవి తేలిగ్గా లేకపోతే వణికి రెక్క ఊడిపోద్దండి. మీ అబ్బాయి పడిపోతారండి. ఆయన మీకు చెప్పలేక, పరీక్షకి మైనంతో సీసం అంటించి, తర్వాత అలాగే ఎగరాలని చూస్తున్నారండి.”

ఈ ఇంట్లో నేను ఒక్క ఊపున ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. అత్తయ్య లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నానికి లేవలేదు.

మృగశిర, శనివారం

కుడి రెక్క అడుగుభాగం రుద్దాను. అత్తయ్య మాట్లాడటం లేదు. ఆయన నాతో మాట్లాడటం లేదు. బాబాయి సోమవారం వస్తారు. కుడి భుజం పైకి లేవడం లేదు. ఎడమ చేత్తో రుద్దాను.

మృగశిర, ఆదివారం

పొద్దున్నే అత్తయ్య పాకలోకి వచ్చారు. చీర బిగించి కట్టుకుని, నెత్తికి గుడ్డ చుట్టుకుని ఉన్నారు. డబ్బా చంకలో ఉంది. చెవి ముందు పీట వేసుకుని కూర్చున్నారు.

“ఏదే ఆ చెక్క?”

ఇచ్చాను.

“నార కనబడితే ఆపెయ్యాలండి.”

“ఎక్కడాపాలో నాకు చెప్పకు. ముప్పయ్యేళ్ళు ఆయన వీపు రుద్దాను. ఎక్కడ రుద్దితే ఊరుకుంటారో, ఎక్కడ రుద్దితే అరుస్తారో నాకు తెలీదా?”

రుద్దడం మొదలుపెట్టారు. నేను పక్కన తడిగుడ్డ పరిచి, రాలిన పొడి అందులోకి ఒత్తుకుంటూ కూర్చున్నాను. ఆవిడ రుద్దుతూనే సన్నగా మాట్లాడుతున్నారు. ముందు నాతో అనుకున్నాను.

“కాస్త జరగండి… అబ్బాయికి అడ్డంగా ఉన్నారంట. మిమ్మల్నెవరూ ఏమీ అన్లేదులే. కూతురైతే అనేదే, కోడలు గాబట్టి మర్యాదగా చెప్పింది. జరగండి.”

పూత గట్టిది. ఆవిడ చెయ్యి నొప్పెడితే నేను, నా చెయ్యి నొప్పెడితే ఆవిడ. మధ్యలో మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అత్తయ్య తలెత్తకుండానే అన్నారు.

“మైనం ముద్ద ఎక్కడ దాచావురా?”

ఆయన నా వైపు చూశారు.

“మీ నాన్నకి దడిసి పారిపోయేవోడివి. ఇప్పుడు నాకు దడిసి సావడానికి సిద్ధపడ్డావు. మొగోడివే.”

ఆయన లోపలికొచ్చి ఇంకో చెక్క తీసుకున్నారు. అత్తయ్య దాన్ని లాక్కున్నారు. “నువ్వొద్దు. కొడుకు రుద్దకూడదు,” అన్నారు. అలాంటి శాస్త్రం ఉందో లేదో నాకు తెలియదు. ఆవిడ అప్పుడే పెట్టి ఉంటారు.

మధ్యాహ్నం దాటాక మొదటి పూత కనబడింది. సుద్దలా మెత్తగా అరిగింది. అక్కడ ఆపేశాం. గుంటలున్న చోట నేను తేలుబూడిద లప్పం పల్చగా రాశాను. తడిగుడ్డ మూటకట్టి అత్తయ్య డబ్బా పక్కన పెట్టుకున్నారు.

మృగశిర, సోమవారం

లాజరు బాబాయి వచ్చారు. ముందు పుస్తకం చదివారు. చదువుతూ ఒక చోట ఆగి కళ్ళద్దాల పైనుంచి మా ఆయన్ని చూశారు. నేను స్తంభం చాటుకు వెళ్ళాను.

“మైనం అంటించావురా?”

“లేదు బాబాయ్.”

“తెల్సు. మీ ఆవిడ రాసిపెట్టింది గాబట్టి అంటించలేదు.”

చెవుల్ని కత్తుల మీద పెట్టారు. కుడిది నిలబడింది. ఎడమది వదిలారు. అది ఒక్కసారి వెనక్కి ఊగి, ముందుకు వచ్చి, సమంగా నిలబడింది. బాబాయి అంచు మీద వేలితో మెల్లగా తట్టారు. మళ్ళీ అలాగే నిలబడింది. బాబాయి తలూపి పుస్తకంలో గీత గీశారు.

అత్తయ్య డబ్బా, మూట తెచ్చి ఆయన ముందు పెట్టారు.

“మరి ఈయన్నెక్కడెట్టమంటావు, లాజరూ?”

“వొదినా, బండి మీదైతే…” బాబాయి ఇబ్బందిగా కదిలారు. “రెక్క మీద వొద్దు, తోక మీద వొద్దు. ఎక్కడెట్టినా ఎటో అటు లాగుతాది.”

“డెక్క మీద పొయ్యను.”

“పొయ్యమని నేనన్లేదు వొదినా.”

నాకు ఒక చోటు తోచింది. ముందే తోచింది, నిన్న రుద్దుతున్నప్పుడే.

“సీటు అడుగున,” అన్నాను.

“ఏటమ్మా? గట్టిగా చెప్పు.”

“సీటు అడుగునండి. నడుమ కదండీ.”

బాబాయి వంగి సీటు కింద చెయ్యి పెట్టి తడిమారు. రెక్కల కీళ్ళ నుంచి సీటు దాకా జానలతో కొలిచారు.

“నడుమ బరువు ఎటూ లాగదు. బరువైతే బరువే వొదినా, అది పోదు. ఆ మేరకి ప్రతిసారీ బియ్యం తగ్గించుకోవాలి.”

“తగ్గించుకోండి. ఆయన తినే బియ్యమే కదా,” అన్నారు అత్తయ్య.

మృగశిర, మంగళవారం

సీటు అడుగుభాగంలో లప్పం. జిగురు నేను కలిపాను. డబ్బాలోది, మూటలోది అంతా అత్తయ్య వేశారు. ఈసారి తేలేదా మునిగేదా అని చూడక్కర్లేదు. పిండి కన్నా చిక్కగా వచ్చింది. ఇద్దరం అరచేతులతో మెత్తాం. రుద్దే పని లేదు. పైన ఒక వరస గుడ్డ వేసి మూసేశాం. అది ఆరేదాకా అత్తయ్య పక్కనే కూర్చుని మేకల గురించీ, నేను మాడ్చిన రవ్వ గురించీ చెబుతూనే ఉన్నారు. నాకు కాదు.

మృగశిర, గురువారం

ఎండ కాసింది. రన్‌వే గట్టిగా ఉంది. బాబాయి సరేనన్నారు.

మా ఆయన ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయారు. రెండో కాలు నేల మీదే ఉంది. అందరూ చూస్తున్నారు.

“ఏరా?” అన్నారు అత్తయ్య.

“నాన్న మీద ఎలా కూకోనమ్మా?”

“మీద కాదురా,” అన్నారు అత్తయ్య, విసుగ్గా, పిల్లాడికి చొక్కా తొడిగేటప్పటిలా. “ఒళ్ళో. కూకో.”

ఆయన కూర్చున్నారు. కాసేపు తల దించుకుని పట్టీలు సరిచేసుకున్నారు. బండి పరుగెత్తింది. తోక మొదటిసారికే లేచింది.

నేను ఆయన్ని చూడలేదు. ఎడమ చెవినే చూశాను. డెక్క మీదుగా ఎడమవైపు తిరిగినప్పుడు అది కొంచెం పైకి లేచింది. తిరగడం అయ్యాక దిగింది. మళ్ళీ లేచింది. దూరం వెళ్ళాక చెవి కనబడలేదు, రెక్క కనబడలేదు, చప్పుడు మాత్రం ఉంది. తర్వాత అదీ లేదు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు. లప్పం పని చేసి చేసి ఆ చెయ్యి నొప్పిగా ఉంది గానీ వదలమనలేదు.

తిరిగొచ్చి దిగాక, జనం తగ్గేదాకా ఆగి అడిగాను.

“వణుకు వచ్చిందాండీ?”

“చెవికి రాలేదు. నాకొచ్చింది,” అన్నారు ఆయన.

చెవులు రెండూ విప్పి చూశాం. పూత ఎక్కడా పగల్లేదు. కుడి రెక్క అడుగున సన్న రంధ్రాలు ఇంకా మిగిలాయి, వాటికి మళ్ళీ పూత వెయ్యాలి. రేపు మొదటిసారి బియ్యానికి వెళతారు. మావయ్య గారి మేరకు సంచి మూతి కొంచెం మడిచి కుట్టాను.